పదకొండో మీట

మోకాళ్ళు వంగవని చెప్పి
బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాను.
వంగడం ఎమెరిక్ వంతు,
వంకలు పెట్టడం నా వంతు.

రిమూస్కీలో అక్టోబరు చివరివారం.
నది మీంచి వచ్చే గాలి
కిటికీ సందుల్ని ఒక్కొక్కటే వెతుక్కుంటోంది.
ఇవాళో రేపో మూడంతస్తుల్లోనూ
అందరూ ఒకేసారి థర్మోస్టాట్లు తిప్పుతారు.
వేసవంతా గోడవారన పడి నిద్రపోయిన హీటర్లలో
ఆరునెలల దుమ్ము అంటుకుని
మెట్లదారంతా మాడిన జుట్టు వాసన.
ఏటా ఎవరో ఒకరు ఫైరింజన్ని పిలుస్తారు.
ఏటా నేను నైటీ మీద కోటు తొడుక్కుని
వాళ్ళకి కాఫీ ఇచ్చి పంపిస్తాను.

"చెయ్యి పెట్టకు," అన్నాను.
"ముందు కరెంటు ఆపు."
బట్టల అలమర వెనక ఇనప్పెట్టె తెరిచాడు.
పదకొండో మీట పక్కన నీలిసిరాతో: ముందుగది.
టక్కుమనిపించి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.
"ఆగు. థర్మోస్టాట్ ఆఖరిదాకా తిప్పు.
ఇప్పుడు కూర్చో. విను."

ఇరవై రెండేళ్ళవాడికి వినడం పెద్ద పని.
ఫోను తీశాడు, చూశాడు, జేబులో పెట్టాడు.
ఐదు నిమిషాలకి
రేకు లోపల టిక్. టిక్.
వేడెక్కే ఇనుము ఒళ్ళు విరుచుకునే చప్పుడు.

"రాసి ఉంది కదా ఫ్లెరెట్!"

రాసి ఉంది.
రాసింది మా ఆయన, ఒవిలా.
దస్తూరీ ముత్యాలకోవ.
విషయం మాత్రం
ఇంకొకర్ని కనుక్కుని నమ్మాలి.
పడవ ఎన్నింటికి అని అడిగినా,
పులుసులో ఉప్పెంత అని అడిగినా
అదే ధీమా, అదే నీలిసిరా.
పదకొండు పడకగదిది. ముందుగదిది పదిహేను.
ముప్పై ఏళ్ళు ఈ అబద్ధం
అలమర చీకట్లో అందంగా నిలబడి ఉంది.

పదిహేను ఆపి, మళ్ళీ విన్నాం.
టెస్టర్ పెట్టి చూశాం, దీపం వెలగలేదు.
చల్లారేదాకా యాపిల్ చెరిసగం తిన్నాం.
అప్పుడు విప్పాడు మూత.

చేప మొప్పల్లా పలచటి రేకులు,
వాటి మధ్య బూడిదరంగు కంబళి.
ఒక తలపిన్ను. పిల్లి బొచ్చు
(పిల్లి లేని ఇల్లిది, ఎనిమిదేళ్ళుగా).
కరిగి గడ్డకట్టిన పచ్చ క్రేయాన్.
బొమ్మల అట్టముక్క ఒకటి, ఒట్టి ఆకాశం,
ఏ బొమ్మదో, ఎవరింట్లో చిల్లు పడి ఉందో.

"గ్లవ్స్ వేసుకో, కోస్తాయవి.
వాక్యూమ్‌కి మెత్తటి కుంచె తగిలించు.
రేకుల వెంటే లాగు, అడ్డంగా కాదు.
వంగినదాన్ని సన్నమూతి పటకారుతో
బతిమాలినట్టు నిలబెట్టు."
తడిగుడ్డ మూతకి మాత్రమే.
లోపల చల్లుతాడేమోనని
నీళ్ళసీసా నా వెనక దాచుకున్నాను.
మూత పొడిగా ఆరాకే బిగించాడు.

"మంచం జరుపు." జానెడు జరిపాడు.
"మూరెడు." నిట్టూర్చి జరిపాడు.
"ఆ తెర హీటరు మీద వేలాడకూడదు."
పైకి మడిచి పిన్నులు పెట్టాడు.
లోపల దొరికిన తలపిన్ను కూడా వాడేశాడు.

తర్వాత ఇనప్పెట్టె దగ్గరికి వెళ్ళి
ఆ కాగితం అంచు గోటితో ఎత్తబోయాడు.

"చింపకు."

గొంతు నాకే కొత్తగా వినిపించింది.
వాడు తిరిగి చూశాడు, ఏమీ అడగలేదు.
పెన్సిల్ తీసి నీలిసిరా కింద
కోడి గెలికినట్టు రాశాడు:
కాదు. పడకగది.

కాదు అని ఆయనకి
అంత చిన్నగా నేనెప్పుడూ చెప్పలేదు.
నేను చెబితే వీధంతా వినేది.

పదిహేను పైకి. కిటికీ వేలెడు తెరిచాం.
కాసేపటికి టిక్, టిక్, ఆ వెంట
కొంచెం వాసన.
"అంతా తుడిచాం కదా?"
"తుడిచినా మొదటిరోజు వస్తుంది.
పొగ రాకపోతే చాలు.
పొగొస్తే మీట ఆపి నన్ను లేపు."

అట్టముక్క ఆప్రాన్ జేబులో వేసుకున్నాను.
ఇంకా ఎనిమిది ఇళ్ళున్నాయి.
ప్రతి ఇంట్లోనూ ఒక అలమర,
అలమర వెనక ఆయన ధీమా.

చెయ్యందించాడు. లేచాను.
"బకెట్టు మర్చిపోకు," అన్నాను.